లక్క రికార్డులకు చట్టం అండ కావాలి

గౌరవనీయులైన కర్ణాటక ముఖ్యమంత్రి గారికి, కన్నడ, సంస్కృతి శాఖ మంత్రి గారికి, కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,



అడగవలసింది ముందే అడుగుతున్నాను. బెంగళూరులో ఒక ప్రభుత్వ శబ్ద భాండాగారం నెలకొల్పండి. అచ్చయిన ప్రతి పుస్తకమూ గ్రంథాలయాలకు చేరాలని చట్టం ఉన్నట్టే, విడుదలయ్యే ప్రతి పాటా ప్రతి కచేరీ రికార్డింగూ భాండాగారానికి చేరాలని చట్టం చేయండి. హక్కుల గడువు తీరిపోయిన పాత గ్రామఫోన్ రికార్డులను శాస్త్రీయంగా డిజిటల్ రూపంలోకి మార్చి, ఎవరైనా ఉచితంగా వినేలా జనం ముందు పెట్టండి.

నేను విద్వాంసుల కోవలోకి వచ్చే మనిషిని కాను. బెంగళూరులో బతుకుతున్న ఒక తెలుగు శ్రోతను. నాకు రెండు రకాల పాత రికార్డులంటే ప్రాణం. వందేళ్ల కిందట అమెరికాలో జాజ్ తొలితరం వాళ్లు కార్నెట్ వాయించినవి కొన్ని. ఇంచుమించు అదే కాలంలో దక్షిణాది విద్వాంసులు త్యాగయ్య కృతులు పాడి, వాయించి ఇచ్చినవి కొన్ని. మొదటి రకం రికార్డు ఏదైనా చేతికి వస్తే, అది ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరెవరు కూర్చుని వాయించారో ఇంట్లో ఉండే తెలుసుకోగలను. రెండో రకం రికార్డు చేతికి వస్తే ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఈ తేడాకు సంగీతం గొప్పతనంతో సంబంధం లేదు. దాచుకోవాలని ఒక సమాజం తీర్మానించుకుంది, మనం ఇంకా తీర్మానించుకోలేదు. అందుకే ఈ లేఖ.

కార్నెట్ మన బ్యాండు మేళాల్లో కనిపించే ట్రంపెట్‌కు దగ్గరి చుట్టం. చూడటానికి కాస్త పొట్టిగా ఉంటుంది, మూడు మీటలుంటాయి, నాదం ట్రంపెట్ కంటే మెత్తన. న్యూ ఓర్లీన్స్‌లో జాజ్ రూపుదిద్దుకుంటున్న రోజుల్లో బ్యాండును నడిపించింది ఈ వాద్యమే. ఆ ఊరి తొలి మొనగాడు బడీ బోల్డెన్. 1877లో పుట్టాడు. 1907లో మతి చలించిందని ఆసుపత్రిలో చేర్చారు. 1931లో అక్కడే కన్నుమూశాడు. బోల్డెన్ తన బ్యాండుతో నిలుచున్న ఫొటో ఒకటి మిగిలింది. వాయిద్యం మాత్రం ఒక్క క్షణం కూడా మిగలలేదు. ఎప్పుడో సిలిండర్ మీద రికార్డు చేశారని ఒక కథ తరతరాలుగా ఉంది, ఆ సిలిండర్ ఎవరికీ దొరకలేదు. ఆ వాయిద్యాన్ని చెవులారా విన్నవాళ్లు చెప్పిన మాటలే మనకు ఆధారం.

బోల్డెన్ తర్వాతి తరం వాడు జో ఆలివర్. జనం కింగ్ ఆలివర్ అని పిలుచుకున్నారు. 1923 ఏప్రిల్‌లో ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్ అనే చిన్న ఊళ్లో, ఒక పియానోల కంపెనీ నడిపిన జెన్నెట్ స్టూడియోలో ఆయన బ్యాండు రికార్డు చేసింది. రెండో కార్నెట్ వాయించిన కుర్రవాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. అప్పటికి రికార్డింగుకు మైక్రోఫోన్ రాలేదు. గదిలో ఒక పెద్ద కొమ్ము ఉండేది. దాని ముందు వాయిస్తే ఆ శబ్దపు ఊపుకి సూది కదిలి, మైనపు పలక మీద గాడి పడేది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఊదితే మిగతావాళ్లెవరూ వినబడటం లేదని దూరంగా నిలబెట్టారని, ఆ బ్యాండులో పియానో వాయించిన లిల్ హార్డిన్ తర్వాతి రోజుల్లో చెప్పింది. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. బండి వస్తే పని ఆపేవారు. ఇలాంటి చోట పుట్టిన రికార్డుల్లో కొన్ని అతి కొద్ది ప్రతులతో మిగిలాయి. ‘జులూస్ బాల్’ ఉన్న రికార్డుకైతే సేకర్తలు ఎరిగిన ప్రతి ఒక్కటేనని అంటారు. ఆ ఒక్కటీ చేయి జారి పగిలి ఉంటే ఆ పాట బోల్డెన్ వాయిద్యం వెనకాలే పోయేది.

అమెరికా ఈ ప్రమాదాన్ని గుర్తించి 2000లో జాతీయ రికార్డింగ్ పరిరక్షణ చట్టం చేసింది. దాని కింద లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఏటేటా దేశం కాపాడుకోవలసిన రికార్డింగుల జాబితా ప్రకటిస్తుంది. మొదటి జాబితాలోనే ఆర్మ్‌స్ట్రాంగ్ 1925 నుంచి 1928 దాకా చేసిన హాట్ ఫైవ్, హాట్ సెవెన్ బృందాల రికార్డులకు చోటు దక్కింది. పేదరికంలో 1938లో పోయిన కింగ్ ఆలివర్‌కు బతికుండగా ఆ దేశం న్యాయం చేయలేదు. ఆయన ఊపిరిని మాత్రం ఇవాళ దేశ సంపదగా లెక్కిస్తోంది.

అది దూరదేశపు కథ అని పక్కన పెట్టేయకండి. ఆ రికార్డులు లక్కతో చేసినవి. లక్క, రాతిపొడి, మసి కలిపి, వేడిచేసి, అచ్చులో ఒత్తేవారు. ప్రపంచానికి లక్క ప్రధానంగా మన దేశపు అడవుల నుంచే వెళ్లేది. రెండో ప్రపంచ యుద్ధంలో లక్కకు కరువు వచ్చినప్పుడు ఎన్నో పాత రికార్డులను ముడిసరుకుగా పోగుచేసి కరిగించారు. ఎవరి ఏ పాటలు అలా కరిగిపోయాయో లెక్క కట్టగలవాళ్లు లేరు.

అక్కడి నుంచి మన దేశానికి మనుషులు కూడా వచ్చారు. క్రికెట్ స్మిత్ అనే కార్నెట్ విద్వాంసుడు న్యూయార్క్‌లో జేమ్స్ రీస్ యూరప్ ఆర్కెస్ట్రాలో వాయించాడు. ఆ ఆర్కెస్ట్రా 1913, 1914లలో విక్టర్ కంపెనీకి రికార్డులిచ్చింది. తొలి జాజ్ రికార్డుగా చరిత్రలో చెప్పుకునేది 1917 నాటిది. అంటే అంతకు ముందే గాడిలోకి ఎక్కిన బృందంలోని మనిషి ఆయన. అదే స్మిత్ 1930లలో బొంబాయి తాజ్‌మహల్ హోటల్లో బ్యాండు నడిపాడు. 1936లో ఆ బ్యాండు బొంబాయిలోనే రెక్స్ లేబుల్‌కు ‘తాజ్ మహల్’ అనే ఫాక్స్‌ట్రాట్ రికార్డు చేసింది. ఆ కాలపు కథను నరేష్ ఫెర్నాండెజ్ 2012లో పుస్తకంగా రాసేదాకా మన దేశంలో ఎందరికి తెలుసు? జాజ్ పుట్టుకను చూసిన కార్నెట్ ఒకటి మన గడ్డ మీద రికార్డయితే, దాన్ని దాచే పని ఏ ప్రభుత్వ సంస్థ పేరా రాసిపెట్టి లేదు.

ఇక మన ఊరి సంగతి.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893లో పుట్టింది ఈ బెంగళూరులోనే. పెరిగింది విశాఖపట్నంలో, పేరు వచ్చింది విజయనగరంలో. అక్కడి మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యుడిగా చేరి, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. గాయకుడి పక్కన కూర్చునే వయొలిన్‌ను తానే కచేరీ చేసే వాద్యంగా నిలబెట్టినవారిలో ఆయన ముందువరసలో ఉంటారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ. చూపు మందగించిన ఆ మహానుభావుడు గంటసేపు విస్తరించగల రాగాన్ని, రికార్డు పక్కకు మూడు నిమిషాల చిల్లరలో ఎలా కుదించి చూపారో వింటేనే తెలుస్తుంది. న్యూ ఓర్లీన్స్ కార్నెట్ వాళ్లకూ అదే గడువు, అదే ఇరుకు. రెండు చోట్లా ఆ ఇరుకులోంచి ఒక కొత్త పొదుపు పుట్టింది. సంగీతం నేర్చుకునే పిల్లలకు అంతకు మించిన పాఠం లేదు. కానీ ద్వారం వారు పుట్టిన ఈ ఊళ్లో, ఆయన రికార్డులన్నీ వరసగా పెట్టుకుని ఉచితంగా వినగలిగే ప్రభుత్వ గది ఒక్కటి చూపించండి.

బెంగళూరు నాగరత్నమ్మ గారి పేరులోనే ఈ ఊరుంది. 1878లో నంజనగూడులో పుట్టిన కన్నడ బిడ్డ. తెలుగు, సంస్కృతం చదువుకున్న పండితురాలు. తన సంపాదనంతా ధారపోసి తిరువయ్యూరులో త్యాగయ్య సమాధికి గుడి కట్టించారు. ఆడవాళ్లు పాడకూడదన్న త్యాగయ్య ఆరాధనలో ఆడవాళ్లచేత పాడించారు. తెలుగు కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ కావ్యాన్ని పరిష్కరించి 1910లో అచ్చు వేయించారు. మరుసటి ఏడాది బ్రిటిషు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు గారు 1947లో నిషేధం ఎత్తివేయించాక, 1952లో వావిళ్ల వారు మళ్లీ అచ్చు వేశారు.

ఇక్కడ ఆగి ఆలోచించమని వేడుకుంటున్నాను. ముప్ఫై ఆరేళ్ల నిషేధం తర్వాత కూడా ఆ పుస్తకం తిరిగి ఎలా రాగలిగింది? ప్రతులు ఎక్కడో మిగిలాయి కాబట్టి. పుస్తకం ప్రతిని ప్రభుత్వానికి అందజేయాలని 1867లోనే ఈ దేశంలో చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1954లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. దాని ప్రకారం దేశంలో అచ్చయిన పుస్తకం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబయి, ఢిల్లీలలోని మరో మూడు గ్రంథాలయాలకు చేరాలి. మరి అదే నాగరత్నమ్మ గారు గ్రామఫోన్‌కు పాడిన పాటల మాటేమిటి? వాటి ప్రతిని ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. ఆమె చేతిరాత అచ్చయితే చట్టం కాపాడింది. ఆమె గొంతు అచ్చయితే అభిమానుల అటకలే కాపాడాలి.

1954 చట్టంలో పుస్తకం అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో అచ్చువేసిన సంగీత పత్రాలు కూడా ఉన్నాయి. కాగితం మీద స్వరాలు అచ్చు వేస్తే గ్రంథాలయానికి పంపాలి, ఆ స్వరాలనే పాడి రికార్డు విడుదల చేస్తే పంపనక్కర్లేదు. కాగితం చూసి వాయించే సంప్రదాయాలకు ఆ ఏర్పాటు కొంతవరకు సరిపోవచ్చు. గమకం గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి చేరే మన సంగీతానికి ఏమాత్రం సరిపోదు. మన సంగీతానికి మూలప్రతి శబ్దమే. ఆ మూలప్రతినే చట్టం మరిచిపోయింది. సినిమాకు 1964లోనే పుణెలో జాతీయ భాండాగారం పెట్టుకున్నాం. శబ్దానికి అలాంటి ఇల్లు ఇప్పటికీ లేదు. ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం వివిధ సంస్థల దగ్గరున్న దృశ్య శ్రవ్య రికార్డులను డిజిటల్ చేసే పథకం నడిపింది, మంచిదే. కానీ పథకానికి చట్టమంత ఆయుష్షు ఉండదు.

హక్కుల చిక్కు వస్తుందని అధికారులు మీకు చెప్పవచ్చు. పాత రికార్డులకు ఆ చిక్కు లేదు. మన కాపీరైట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం శబ్ద రికార్డింగు మీద హక్కు, విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు. 1964 లోగా విడుదలైన రికార్డుల గడువు 2024 చివరికి తీరిపోయింది. ద్వారం వారు కన్నుమూసింది 1964లోనే. అంటే ఆయన బతికుండగా విడుదలైన రికార్డులన్నీ ఇవాళ జనం సొత్తు. త్యాగయ్య వెళ్లిపోయింది 1847లో, కృతుల మీద హక్కు మాట ఎత్తనే అక్కర్లేదు. కింగ్ ఆలివర్ 1923 రికార్డులు స్వేచ్ఛగా వాడుకునేందుకు అమెరికా జనం 2024 దాకా ఆగవలసి వచ్చింది. మన చట్టం మనపట్ల అంతకంటే ఎంతో ఉదారంగా ఉంది. ఆ ఉదారత కాగితం మీదే ఉండిపోతోంది. సొత్తు మనదే, తాళం తీసేవాళ్లు లేరు.

అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా అన్నది ఇంకో మాట. అభిమానులు శ్రమపడి ఎక్కించినవి ఉన్నాయి, వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ పద్ధతితో ఏం పోతుందో కూడా చెప్పాలి. డెబ్బై ఎనిమిది అని మనం పిలుచుకునే రికార్డులన్నీ నిజంగా నిమిషానికి 78 చుట్లు తిరిగేవి కావు. తొలినాళ్లలో ఒక్కో కంపెనీ, ఒక్కో స్టూడియో ఒక్కో వేగం వాడింది. తప్పు వేగంతో తిప్పితే శ్రుతి మారుతుంది, కాలం మారుతుంది. కార్నెట్ రికార్డుకైతే ఆ వాద్యం శ్రుతినీ, పాట ఏ శ్రుతిలో ఉండాలన్నదీ చూసి వేగం సరిచేసుకోవచ్చు. గాయని ఏ శ్రుతిలో పాడేదో తెలియకపోతే సరిచేయడానికి ఆధారమేదీ ఉండదు. అసలు లేని కీచుగొంతును ఆమెకు అంటగట్టి, అదే ఆనాటి బాణీ అనుకుంటాం. సూది సంగతీ అంతే. పాత గాడి వెడల్పు, ఎల్పీ రికార్డు సూది వేస్తే అది గాడి అడుగున దొర్లుతూ గీరుతుంది. సరైన సూది, సరైన వేగం, 96 కిలోహెర్ట్జ్ 24 బిట్ నాణ్యతతో నకలు, దాంతోపాటు లేబుల్ ఫొటో, మ్యాట్రిక్స్ నంబరు ఉండాలి. మ్యాట్రిక్స్ నంబరంటే లేబుల్ పక్కన నున్నటి చోట చెక్కిన గుర్తు. ఏ రోజు ఏ పాట తర్వాత ఏ పాట రికార్డయిందో దాన్నిబట్టే పట్టుకుంటారు. ఇంతా చేస్తేనే దాన్ని పరిరక్షణ అనవచ్చు. భారతదేశపు తొలి గ్రామఫోన్ రికార్డుల జాబితాను ఇలాంటి నంబర్లతో ఏళ్లకేళ్లు కూర్చి 1994లో పుస్తకంగా తెచ్చింది మైఖేల్ కిన్నియర్ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు. ఆయన రుణం తీర్చుకునే దారి, ఆ పనిని మనం కొనసాగించడమే.

ఇది బెంగళూరులోనే ఎందుకు? ఈ ఊరు ఒక్క భాషది కాదు గనుక. కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ ఒకే వీధిలో వినబడతాయి. కంటోన్మెంట్ వైపు బ్యాండ్లు మోగాయి, కబ్బన్ పార్కులో బ్యాండ్‌స్టాండ్ ఇప్పటికీ నిలిచే ఉంది. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ విని దాని మీద మనసు పడిన కద్రి గోపాల్‌నాథ్ గారు, ఇత్తడితో చేసిన ఆ వాద్యం చేత కర్ణాటక సంగీతం పలికించారు. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కొమ్ము ముందు పాడి దేశమంతటా పేరు తెచ్చుకున్న గౌహర్ జాన్ చివరి రోజులు గడిపి, 1930లో కన్నుమూసింది మైసూరులో. ఆమె జీవితకథ రాసిన విక్రమ్ సంపత్ గారు నెలకొల్పిన ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ ఎన్నో పాత రికార్డులను ఇప్పటికే డిజిటల్ చేసింది. జేపీ నగర్‌లో ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ మ్యూజియం ఉంది. పూనిక ఉన్న మనుషులు, నైపుణ్యం, యంత్రాలు ఈ ఊళ్లో ఉన్నాయి. ప్రైవేటు ట్రస్టులు మొదలుపెట్టిన పనికి ప్రభుత్వపు వెన్నుదన్ను, చట్టబద్ధమైన శాశ్వతత్వం మాత్రమే కొరవ.

మైసూరు రాజ్యపు వారసత్వంలో దీనికి ఒరవడి కూడా ఉంది. 1940ల చివర్లో జయచామరాజ ఒడయార్ గారు, లండన్‌లో ఉన్న నికొలాయ్ మెట్నర్ అనే రష్యా స్వరకర్త తన రచనలను రికార్డు చేసుకోవడానికి ధనసాయం చేశారు. ఆ వృద్ధుడి చేతి పియానో ఇవాళ ప్రపంచం వింటోందంటే అది మైసూరు మహారాజు పుణ్యం. పరదేశపు విద్వాంసుడి శబ్దాన్ని కాపాడిన సంస్థానం వారసులు, సొంతబిడ్డల శబ్దాన్ని చిక్కపేట ఆదివారం సంతలో పాత సామాన్ల మధ్య ఎండకు వదిలేయడం న్యాయం కాదు. లక్క రికార్డు వేడికి వంగుతుంది, దెబ్బకు పగులుతుంది, తేమకు బూజు పడుతుంది. తాతగారు పోయాక ఇల్లు అపార్ట్‌మెంటు అవుతుంటే, ఆ బరువైన పెట్టెలు ఎవరికిచ్చి వెళ్లాలో తెలియక వారసులు తూకానికి వేస్తున్నారు. వాళ్లను నిందించలేను. తీసుకునే చిరునామా ఏదీ?

కాబట్టి నా విన్నపాలు ఇవి.

ఒకటి. కేంద్రం 1954 చట్టాన్ని సవరించాలి, లేదా శబ్ద రికార్డింగులకు వేరే చట్టం తేవాలి. రికార్డు, సీడీ, ఇంటర్నెట్ పాట, ఏ రూపంలో విడుదలైనా ఒక నాణ్యమైన ప్రతి, దాని వివరాలు నిర్ణీత భాండాగారాలకు చేరాలి. వాటిలో బెంగళూరు ఒకటి కావాలి.

రెండు. కేంద్రం కోసం ఎదురుచూడకుండా కర్ణాటక ప్రభుత్వం రాష్ట్ర శబ్ద భాండాగారాన్ని మొదలుపెట్టాలి. కబ్బన్ పార్కులోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం దానికి తగిన నీడ. వేడి, తేమ అదుపులో ఉండే ఒక నిల్వగది, ఒక డిజిటల్ చేసే గది, శిక్షణ పొందిన కొద్దిమంది సిబ్బంది చాలు, మొదటి అడుగు పడుతుంది.

మూడు. ఇళ్లలోని రికార్డులను స్వీకరించే శిబిరాలు జిల్లా జిల్లాకూ నడపాలి. ఇచ్చినవారికి రసీదు, వారి పేరు మీద నమోదు, కావాలంటే డిజిటల్ నకలు ఇవ్వాలి. ఇవ్వడం ఇష్టం లేనివారి రికార్డులను నకలు తీసుకుని తిరిగి ఇచ్చేయాలి.

నాలుగు. గడువు తీరిన ప్రతి రికార్డునూ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టాలి. కళాకారుడు, రాగం, కర్త, కంపెనీ, మ్యాట్రిక్స్ నంబరు, తేదీ వివరాలతో ఉమ్మడి జాబితా ఉండాలి. అది కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ, ఇంగ్లిషులో వెతుక్కునే వీలుండాలి. విజయనగరంలో వయొలిన్ నేర్చుకునే పిల్ల, చిత్తూరులో హరికథ నేర్చుకునే కుర్రాడు ఫోన్లోనే ద్వారం వారిని వినాలి.

ఐదు. ఆకాశవాణి దగ్గరున్న టేపుల జాబితాను ప్రజలకు తెరవాలి. మైసూరులో 1935లో ఒక ప్రొఫెసర్ గారి ఇంట్లో మొదలై, 1955లో బెంగళూరు చేరిన ఆ రేడియో వారసత్వం ప్రజల డబ్బుతో పెరిగింది. అందులో ఏముందో తెలుసుకునే హక్కు ప్రజలకుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలను కూడా ఇందులో చేయి కలపమని అడుగుతున్నాను. కన్నడ ప్రజల సొమ్ముతో తెలుగు పాటలు దాచడమేమిటన్న ప్రశ్న రావచ్చు. నంజనగూడులో పుట్టిన కన్నడ స్త్రీ, తెలుగు కవయిత్రి కావ్యాన్ని అచ్చు వేయించి, తెలుగు వాగ్గేయకారుడికి తమిళ నేల మీద గుడి కట్టింది. ఆ చరిత్రను మూడు భాషల మధ్య పంచుకోవడానికి కొలబద్ద ఎవరి దగ్గరా లేదు. ఉమ్మడిగా దాచుకోవడమే దారి.

బోల్డెన్ విషయంలో న్యూ ఓర్లీన్స్ చేయగలిగింది ఇక ఏమీ లేదు. మన విషయంలో ఇంకా ఉంది. ఈ పని వాయిదా పడిన ప్రతి ఏడూ కొన్ని రికార్డులు పగిలిపోతాయి, వాటి గురించి చెప్పగల పెద్దలు కొందరు వెళ్లిపోతారు. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో రాష్ట్ర శబ్ద భాండాగారానికి ఒక పద్దు పెట్టండి. పార్లమెంటులో సవరణ బిల్లు ప్రవేశపెట్టండి. ఈ రెండింటి మీద మీ నిర్ణయమేమిటో ప్రజలకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఇళ్లలో రికార్డులున్న మాలాంటి వాళ్లం వాటిని తెచ్చి అప్పగించడానికి, జాబితా రాసే పనిలో చేయి వేయడానికి సిద్ధంగా ఉన్నాం. తలుపు తెరిచే పని మీది.

గౌరవంతో,
బెంగళూరు నుంచి
ఒక తెలుగు శ్రోత